కబుర్లేమీ లేవు

సంచి అడుగున మొట్టమొదట పెట్టింది రైఫిల్ బోల్టు. తన పాత తలగుడ్డ చింపి, ఆ ముక్కలో రెండు మడతలు చుట్టి, కొసలు ముడివేసింది షంసా. దాని మీద రెండు జతల పొడుగు అంగీలు, తలపాగా గుడ్డలు, డబ్బాలో ఖర్జూరాలు, సీసాలో ఎండు సొరచేప పొడి సర్దింది.

"రైఫిలు ఒకచోట, బోల్టు ఒకచోట. నాన్న పద్ధతి" అంది.

"నాన్న కాలంలో దారి పొడుగునా దొంగలుండేవాళ్లక్కా. ఇప్పుడు పెట్రోలు బంకులే ఉన్నాయి" అన్నాడు ముహన్నా, గోడకు ఆనుకుని తుపాకీ తుడుస్తూ.

"బంకుల వాళ్లు దొంగలు కారని ఎవరన్నారు?"

ముహన్నా ఒళ్లో ఉన్నది వాళ్ల తాత తుపాకీ. ఇంగ్లీషు సైన్యం వదిలేసి పోయిన త్రీ నాట్ త్రీ. ఒమన్‌లో దాన్ని సక్తూన్ అంటారు. రెండేళ్ల కిందట ముహన్నా దానికి కొత్త జన్మ ఎత్తించాడు. కొత్త బ్యారెల్ బిగించాడు. చెక్క తీయించి నల్లటి కార్బన్ ఫైబర్ మడమ వేయించాడు. బరువు మూడో వంతు తగ్గింది. పాతది మిగిలింది రెండే: మధ్యలో ఉక్కు గూడు, అందులో ఆడుతూ తూటాను నెట్టి బిగించే బోల్టు. "ముసలాయనకు జీన్స్ ప్యాంటు తొడిగావురా" అని ఊరంతా నవ్వింది. ఆ జీన్స్ ముసలాయనతోనే రెండేళ్లు వరసగా పోటీల్లో, గురి చూసే అద్దాలేవీ లేకుండా, రెండు వందల మీటర్ల దూరంలో అరచేయంత తెల్ల పలకను ముహన్నా పడగొట్టాడు. ఊరు నవ్వడం మానేసింది.

షంసా భర్త ఖల్ఫాన్ గుమ్మంలో కారు తాళాలు తిప్పుతూ నిలబడ్డాడు. వాళ్ల ఊరు ఇబ్రాలో అందరికీ అతను చేపల శాఖ గుమాస్తా. షంసాకూ అంతే. పన్నెండేళ్ల కాపురంలో అతను ఒక్క చేపను కూడా ఇంటికి తేలేదని ఆమెకు ఎందుకో అనుమానం రాలేదు.

ఆమె సంచి అతని చేతికిచ్చింది. వదల్లేదు.

"ఇద్దరు వెళ్తున్నారు. ఇద్దరూ రావాలి. వాణ్ణి తొమ్మిదో ఏటి నుంచి నేనే పెంచాను. నువ్వే తీసుకెళ్తున్నావు, నువ్వే తెచ్చి ఇవ్వు."

"పోటీకి వెళ్తున్నాం షంసా. యుద్ధానికి కాదు."

"తుపాకులున్న చోటికేగా?"

అప్పుడు వదిలింది. అది బుధవారం ఉదయం.

*

నలభై కిలోమీటర్ల తర్వాత ఒక బంకు దగ్గర ఖల్ఫాన్ కారాపాడు. నూనె మరకల లుంగీ కట్టుకున్న ట్యాంకర్ డ్రైవరొకడు టైరు గాలి చూస్తున్నాడు.

"ఈ గాలికి ఇసుక లేస్తుందా?" అన్నాడు ఖల్ఫాన్.

"ఒంటె లేస్తే ఇసుకా లేస్తుంది" అన్నాడు డ్రైవరు. అతని పేరు కర్నల్ యాఖూబ్. రహస్య విభాగంలో ఖల్ఫాన్ పై అధికారి.

బ్రీఫింగ్ రెండు నిమిషాల్లో అయిపోయింది.

"రేపు వాదీ సుమైర్‌లో పోటీ. మొదటి గుండు కాల్చే అతిథి షేక్ ముర్షిద్. సరిహద్దు బావుల కోసం ముప్పై ఏళ్లుగా కొట్టుకుంటున్న రెండు తెగలకు శనివారం రాజీ చేయబోతున్నది ఆయనే. ఆ రాజీ కుదిరితే కొత్త పైప్‌లైన్ అటుగా వస్తుంది. అది రాకూడదని ఒక పరదేశీ ముఠా పట్టుదల. రేపు ఆయన చావాలని వాళ్ల ప్లాన్."

"ఎలా?"

"తెలీదు. వాళ్ల మనిషి ఇద్రీస్, అత్తరు వ్యాపారి వేషంలో ఉంటాడు. వాడి పక్కన లమీస్ ఉంటుంది."

"టీవీలో కనిపించే లమీసా?"

"ఆమే. జీతం వాళ్ల దగ్గర తీసుకుంటుంది, నిజం మన దగ్గర చెబుతుంది. అప్పుడప్పుడూ." కర్నల్ టైరును కాలితో తన్నాడు. "ఆయన బతకాలి. గొడవ జరగకూడదు. అక్కడ మూడు వందల తుపాకులుంటాయి. ఇంటి యజమాని మీద ఎవడైనా ఒక్క అనుమానపు మాట అన్నాడా, ఆ మూడు వందలూ మాట్లాడతాయి."

"నా బావమరిది ఉన్నాడు."

"వాడికి ఎంత తెలియాలో అంత చెప్పు."

కారులో చెప్పాడు. ముహన్నా చాలాసేపు పగలబడి నవ్వాడు.

"చేపల శాఖ! బావా, అక్కకు తెలిస్తే నిన్ను ఎండబెట్టి ఆ సొరపొడిలో కలిపేస్తుంది."

"నవ్వు ఆపి విను. రేపు నీకేదైనా తేడాగా కనిపిస్తే, పైకి ఏమీ అనకు. నా దగ్గరికొచ్చి కబుర్లేమిటని అడుగు. ప్రమాదముంటే 'వాన పడింది' అంటాను. ఆ మాట వింటే చేతిలో ఉన్నది కింద పెట్టేసి పక్కకు జరుగు."

"లేకపోతే?"

"లేకపోతే మామూలు జవాబే."

ఆ నేల మీద ఇద్దరు కలిస్తే అడిగే మాట ఒకటే: కబుర్లేమిటి? చెప్పే జవాబూ ఒకటే: కబుర్లేమీ లేవు, అంతా మంచిదే. ఇంట్లో శవం ఉన్నా జవాబు ఇదే. కూర్చుని, కాఫీ తాగి, గిన్నె కింద పెట్టాకే అసలు సంగతి. 'ఇచ్చట అందరమూ క్షేమం' అని మొదలుపెట్టి రెండో పేజీలో చావు కబురు రాసే పాత ఉత్తరాల్లాగన్నమాట. మాట నేర్చిన రోజు నుంచి చచ్చేదాకా ఆ జవాబు నాలుక మీదే ఉంటుంది. దాన్ని ఎవరూ ఆలోచించి చెప్పరు.

*

మధ్యాహ్నం మూడింటికి వాదీ సుమైర్ చేరారు. పోటీ పెట్టిన షేక్ మత్తర్ గుమ్మంలోనే ఎదురొచ్చాడు. వచ్చిన ప్రతివాడూ తుపాకీ ఆయన చేతికిచ్చి లోపలికి వెళ్తున్నాడు. ఆయన మనిషి దాన్ని తీసుకెళ్లి గోడకు తగిలిస్తున్నాడు.

ఖల్ఫాన్ తన పాత చెక్క సక్తూన్ ఇచ్చేశాడు. ముహన్నా సంచి అడుగు నుంచి అక్క కట్టిన మూట తీశాడు.

"బోల్టు నడుముకు కట్టుకో. తుపాకీ ఒక్కటే ఇవ్వు" అన్నాడు ఖల్ఫాన్, పెదవులు కదపకుండా.

"బోల్టు లేని తుపాకీ ఇస్తే ఆయన ముఖాన ఉమ్మినట్టే. నన్ను మా నాన్న అలా కనలేదు."

"ముహన్నా!"

"నీ చేపల తెలివి ఇక్కడ కాదు బావా."

టక్కుమని బోల్టు బిగించి, రెండు చేతులతో తుపాకీ షేక్ మత్తర్‌కు అందించాడు. ముసలాయన బోల్టు వైపు చూసి, మెచ్చుకోలుగా ముహన్నా ముక్కుకు తన ముక్కు తాకించాడు. ఆ తర్వాత అందరికీ వినబడేలా అన్నాడు: "రేపు షేక్ ముర్షిద్ మొదటి గుండు ఈ తుపాకీతోనే కాలుస్తారు."

ముహన్నా చెవులు ఎర్రబడ్డాయి. అక్క మూట గుడ్డను మడిచి మళ్లీ సంచిలో పెట్టాడు.

లోపల, పరదేశీ అయినా అచ్చం ఆ ఊరివాడిలా, ఇద్రీస్ అతిథుల మణికట్లకు అత్తరు రాస్తున్నాడు. ఆకుపచ్చ పట్టు దుస్తుల్లో లమీస్ కెమెరా వాళ్ల మీద అరుస్తోంది. ఆమె నవ్వితే ముసలివాళ్లు కూడా తలపాగా సర్దుకుంటున్నారు. సాయంత్రపు అసర్ నమాజుకు అందరూ లేచి వెళ్లారు. తుపాకుల గోడ అరగంటసేపు ఒంటరిగా ఉంది.

ఖల్ఫాన్ నడుమున ఉన్న ఖంజర్ బాకు ఒరలో దాచిన ట్రాన్స్‌మిటర్ మీద వేలు నొక్కాడు. "తుపాకులు తనిఖీ చేయనా?"

తలపాగా మడతలోంచి కర్నల్ గొంతు చెవిలో పడింది. "అతిథి యజమాని గోడను తనిఖీ చేస్తాడా? మతిపోయిందా నీకు? ముట్టుకోకు."

*

గురువారం ఉదయం తొమ్మిది కావడానికి పది నిమిషాలుంది. గోడ మీది తుపాకులు ఎవరివి వాళ్ల చేతికి తిరిగొచ్చాయి.

లమీస్ మైకు పట్టుకుని ఖల్ఫాన్ ముందుకొచ్చింది. "పోటీదారుడి బంధువుతో రెండు మాటలు!" అని కెమెరాకు చెప్పి, కెమెరా కుర్రాళ్లను లెన్సు మార్చుకోమని పంపించింది. నవ్వు చెదరకుండా గొంతు తగ్గించింది.

"నీ బావమరిది తుపాకీ బోల్టు మార్చేశారు. చూపుకు అచ్చం అలాంటి పాతదే. ముందు కొస మాత్రం అరిగిపోయినది. మొదటి గుండుకే వెనక్కి వచ్చి కంట్లో దిగుతుంది."

ఖల్ఫాన్ మైకు వైపు వంగాడు. "నీకెప్పుడు తెలిసింది?"

"నిన్న సాయంత్రం."

"ఇప్పుడా చెప్పడం!"

"ఇద్రీస్ నా పక్కనే ఉన్నాడు. నాదీ ప్రాణమే కదా, చేపలాయనా." కెమెరా కుర్రాళ్లు లెన్సుతో తిరిగొచ్చారు. ఆమె గొంతు పెంచింది. "మరి మీ వాడు ఈసారి కూడా గెలుస్తాడంటారా?"

చెవిలో కర్నల్: "విన్నాను. షేక్‌ను తప్పించు. కారణం చెప్పకు. బోల్టు మాట ఎత్తావా, నెత్తురు పారుతుంది."

ఖల్ఫాన్ గుడారంలోకి దాదాపు పరుగెత్తాడు. తివాచీ మీద పదకొండు మంది పెద్దలు వరసగా కూర్చున్నారు. చివరన షేక్ ముర్షిద్, ఒళ్లో నల్లటి తుపాకీ. ఆయన పక్కన చేతులు కట్టుకుని ముహన్నా. పెద్దల్ని దాటి నేరుగా చివరికి వెళ్లడానికి లేదు. కుడివైపు నుంచి ఒక్కొక్కరి చేయీ పట్టుకోవాలి.

"కబుర్లేమిటి?"

"కబుర్లేమీ లేవు, అంతా మంచిదే."

"కబుర్లేమిటి నాయనా?"

"కబుర్లేమీ లేవు, అంతా మంచిదే."

పది మందికి పదిసార్లు. చెమట వెన్ను మీదుగా జారుతోంది. షేక్ ముర్షిద్ దగ్గరకొచ్చేసరికి ఆయన తూటా చేతిలోకి తీసుకుంటున్నారు.

"కబుర్లేమిటి?"

"కబుర్లేమీ లేవు, అంతా మంచిదే." ఖల్ఫాన్ బలవంతంగా నవ్వు తెచ్చుకున్నాడు. "షేక్ గారూ, చిన్న మనవి. అది జీన్స్ తొడిగిన తుపాకీ. పిల్లకాయల ఆట. మీ భుజానికి మీ కాలం నాటి చెక్కే గౌరవం. నాది తీసుకోండి."

గుడారమంతా ఘొల్లున నవ్వింది. షేక్ ముర్షిద్ కూడా నవ్వారు. "నిజమేనోయ్. ఇది చేతిలో ఉన్నట్టే లేదు, బొమ్మలా ఉంది." నల్లటి తుపాకీ ముహన్నాకు తిరిగి ఇచ్చి, ఖల్ఫాన్ భుజాన ఉన్న పాత చెక్క సక్తూన్ అందుకుని బయటికి నడిచారు.

ముహన్నా ముఖంలో నెత్తురు లేదు. రెండేళ్ల కష్టం, నిన్నటి గౌరవం, పదకొండు మంది ముందు నవ్వులపాలయ్యాయి. అయినా మాట గుర్తుంచుకున్నాడు. కళ్లలోకి సూటిగా చూస్తూ అడిగాడు.

"బావా, కబుర్లేమిటి?"

"కబుర్లేమీ లేవు, అంతా మంచిదే" అన్నాడు ఖల్ఫాన్. పన్నెండోసారి.

ముహన్నా తలాడించాడు. "అయితే ఉత్త కుళ్లేనన్నమాట. మంచిది." తుపాకీ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఖల్ఫాన్ అతన్ని చూడటం లేదు. అతని కళ్లు అత్తరు దుకాణం మీద ఉన్నాయి. షేక్ ముర్షిద్ గురిపెట్టారు. తుపాకీ పేలింది. దూరంగా తెల్ల పలక ఎగిరిపడింది. జనం హోరెత్తారు. ఇద్రీస్ చేతిలోని సీసా కింద పడింది. వాడు వెనక్కి తిరిగేలోగా బిచ్చగాళ్ల వేషంలోని ఇద్దరు కర్నల్ మనుషులు వాడి చేతులు విరిచి ఆయన ట్యాంకర్ లోపలికి తోసేశారు. ఒక్క కేక కూడా బయటికి రాలేదు.

"శభాష్" అంది చెవిలో గొంతు. "పని అయిపోయింది."

ఖల్ఫాన్ ఊపిరి వదిలాడు. నవ్వుకున్నాడు కూడా. అప్పుడు తను అన్న మాట తన చెవికి చేరింది.

వరసలో పదిమంది బోర్లా పడుకుని గురి చూస్తున్నారు. ముహన్నా ఈ చివర నుంచి మూడోవాడు. కోపంలో ఉన్నవాడు బోల్టు వంక చూడడు.

"వాన! ముహన్నా, వాన పడింది! వాన!"

జనవరి ఎండలో వాన వాన అని అరుస్తూ పరుగెత్తే చేపల గుమాస్తాను చూసి జనం మళ్లీ నవ్వారు. ముహన్నా వినలేదు. తాతకు లేనివి, ముహన్నా కొత్తగా కొన్నవి, చప్పుడు చొరనివ్వని నల్లటి డొప్పలు అతని చెవుల మీద ఉన్నాయి.

ఖల్ఫాన్‌కు ఇంకా ఆరడుగులు మిగిలాయి.

*

"పాత తుపాకీ" అన్నాడు కర్నల్ యాఖూబ్, సాయంత్రం రిపోర్టు మీద సంతకం పెడుతూ. "కొత్త బట్టలు తొడిగితే వయసు తగ్గుతుందా? అలాగే రాయి." రాత్రి వార్తల్లో లమీస్ అదే చదివింది. నలుపు దుస్తులు ఆమెకు ఇంకా బాగా నప్పాయి. శనివారం బావుల రాజీ కుదిరింది. షేక్ మత్తర్ గోడ మీద ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు.

ఇబ్రాలో టీవీ పెట్టే అలవాటు షంసాకు లేదు. శుక్రవారం పొద్దున కారు చప్పుడు విని తలుపు తీసింది. ఖల్ఫాన్ ఒక్కడే గుమ్మంలో ఉన్నాడు. చేతిలో సంచి.

"కబుర్లేమిటి?" అంది, అతని భుజం మీదుగా కారు వైపు చూస్తూ.

"కబుర్లేమీ లేవు, అంతా మంచిదే."

ఆమె ముఖం విప్పారింది. మూడు గిన్నెలు కడిగి, మూడింటిలోనూ కాఫీ పోసింది. "వాడు మళ్లీ బండి తుడుస్తున్నాడా? చల్లారిపోతుంది, పిలువు" అంటూ సంచి విప్పి, అడుగున చెయ్యి పెట్టి తలగుడ్డ మూట కోసం వెతికింది. గుడ్డ దొరికింది. అందులో ఏమీ లేదు.

ఖల్ఫాన్ తన గిన్నె తాగి కింద పెట్టాడు.

ముహన్నా బిన్ సాలిమ్ తిరిగి రాలేదు. 2009 జనవరి 22, గురువారం, ఉదయం తొమ్మిది గంటల పన్నెండు నిమిషాలు.