పెన్సిల్‌తో రాసిన డైలాగు

ఆ చిన్న నాటకాల హాల్లో ఆఫీసు పనికి కొత్తగా చేరిన అమ్మాయి ఒకరోజు పొద్దున్నే ముగ్గురికి కబురు పంపింది. ప్రోగ్రామ్ కార్డులో ఒక్కొక్కరి గురించి రెండు ముక్కలు రాయాలి కాబట్టి డ్రమ్స్ వాయించే అతను, డాక్టర్ వేషం వేసే అతను, తెర మీద ఆసుపత్రి బొమ్మ వేసిన అతను వచ్చి కనపడాలని.

మొదట ఒకతను డ్రమ్స్ పుల్లలు చంకలో పెట్టుకుని వచ్చాడు. వివరాలు చెప్పి వెళ్లాడు. పది నిమిషాలకి మళ్లీ అతనే వచ్చాడు, సగం అంటించిన మీసంతో. మీది అయిపోయిందండీ అని పంపేసింది. మూడోసారి చేతినిండా నీలం రంగుతో అతనే గుమ్మంలో ప్రత్యక్షమయ్యేసరికి ఆ అమ్మాయికి ఒళ్లు మండింది.

"చూడండీ, నా దగ్గర వేషాలు వేయకండి."

"వేషం ఇందాక వేశానండీ. ఇప్పుడు బొమ్మ వేసి వస్తున్నాను."

పాపం, అతను జోకు వేయలేదు. ఉన్నమాటే చెప్పాడు. నవ్వాలో తిట్టాలో తెలియక ఆ అమ్మాయి కార్డు వైపు చూస్తూ కూర్చుంది. ఆఖరికి నవ్వేసింది. అక్కడే మొదలైంది మన వాడి అవస్థ.

హాల్లో అందరూ అతన్ని త్రీ ఇన్ వన్ అంటారు. ముద్దుగా అంటారో వెక్కిరింతగా అంటారో పదేళ్లయినా అతనికి అంతుబట్టలేదు. సంగీతం వాళ్లు అతను మంచి నటుడంటారు. నటులేమో బొమ్మలు బాగా వేస్తాడంటారు. బొమ్మల ఎగ్జిబిషన్ పెడితే వచ్చినవాళ్లు డ్రమ్స్ గురించి మాట్లాడి వెళ్లిపోతారు. మెచ్చుకున్నట్టే ఉంటుంది, ఎక్కడా నిలవనిచ్చినట్టు ఉండదు.

ఇంతలో ఒక పెద్ద నాటక బృందం ఏడాది టూర్‌కి పిలిచింది. నటుడిగా మాత్రమే. డ్రమ్స్, కుంచె పక్కన పెట్టేయాలి. ఈ డాక్టర్ నాటకం ఆడే రోజు మధ్యాహ్నం, ఆట ముగియగానే సంతకం పెట్టిన కాగితం చేతికివ్వాలి, మర్నాడే బయలుదేరాలి. నెల క్రితమైతే ఎగిరి గంతేసేవాడు. ఇప్పుడు ఆ కాగితం జేబులో పెట్టుకుని ఆఫీసు గది ముందు అటూ ఇటూ తిరుగుతున్నాడు. వెళ్లేలోపు ఆ అమ్మాయికి మనసులో మాట చెప్పాలి. చెప్పకుండా వెళ్తే ఏడాది తర్వాత చెప్పడానికి ఏమీ మిగలదని అతని భయం.

ఆ అమ్మాయికి ఇంకో పని కూడా ఉంది. ఆట జరిగేటప్పుడు తెర పక్కన స్క్రిప్టు పట్టుకుని కూర్చుంటుంది. ఎవరైనా డైలాగు మర్చిపోతే మెల్లగా అందిస్తుంది. ఆ వంకతో అతను రోజూ ఆఫీసు గదికి వచ్చి డాక్టర్ డైలాగులు అప్పజెప్పేవాడు. ఒక్క అక్షరం పొల్లు పోయేది కాదు. అంత బాగా వచ్చినవాడు రోజూ ఎందుకు వస్తున్నాడో ఆ అమ్మాయికి అర్థమయ్యేది కాదు. అర్థమయినట్టూ ఉండేది. సరిగ్గా చెప్పాలంటే, అర్థమయితే బాగుండునని ఉండేది.

ఆటకి ముందు రోజు వాన పట్టుకుంది. కిటికీ మూసి ఆ అమ్మాయి స్క్రిప్టు తెరిచింది. అతను రెండు డైలాగులు చెప్పి ఆగాడు. తర్వాత ఆ అమ్మాయి ముఖంలోకి చూస్తూ అన్నాడు.

"మీరు లేని రోజు నాకిక్కడ పొద్దుపోదు."

ఆ అమ్మాయి ముఖం ఎర్రబడింది. వెంటనే అనుమానం వచ్చింది. ఎంతైనా నటుడు. గబగబా పేజీలు తిప్పి, ఇది ఏ సీన్లో ఉందండీ అని అడిగింది.

అంతే, అతని ధైర్యం జారిపోయింది. కొత్తగా కలిపారండీ అనేశాడు. ఎక్కడ అని అడిగితే మూడో సీన్లో ఎక్కడో వేలు పెట్టి చూపించాడు. పని విషయంలో ఆ అమ్మాయి మహా గట్టిది. పెన్సిల్ తీసి, గుండ్రటి అక్షరాలతో ఆ మాట అక్కడే రాసి పెట్టుకుంది. రాస్తూ ఏడుపు ఆపుకుందని మన వాడికి తెలియదు.

మర్నాడు మధ్యాహ్నం హాలు నిండింది. మూడో సీను వరకూ అంతా సవ్యంగా సాగింది. అందులో డాక్టర్ ఒక ముసలి రోగిని ఇంటికి పంపుతాడు. రోగి లేచి నిలబడ్డాడు. డాక్టర్ నోరు తెరిచాడు. జేబులో కాగితం గరగరలాడింది. పదేళ్లలో మొదటిసారి అతనికి డైలాగు గుర్తుకు రాలేదు.

తెర పక్క నుంచి మెల్లగా వినిపించింది.

"మీరు లేని రోజు నాకిక్కడ పొద్దుపోదు."

అతను ఉలిక్కిపడ్డాడు. ఆ మాట అక్కడికెలా వచ్చిందో తట్టడానికి క్షణం పట్టింది. వినపడలేదనుకుని ఆ అమ్మాయి ఇంకాస్త గట్టిగా చెప్పింది. ఈసారి మొదటి నాలుగు వరసలకీ వినిపించింది. అతను రోగిని వదిలేసి తెర వైపు తిరిగి, ఆ అమ్మాయినే చూస్తూ ఆ మాట అన్నాడు.

పైన లైట్లు చూసేది ఆ అమ్మాయి నాన్నే. డాక్టర్ ఎటు తిరిగితే అటు లైటు వేయడం ఆయన పని. వేశాడు. తెర పక్కన స్టూలు మీద పెన్సిలు నోట్లో పెట్టుకున్న కూతురు హాలందరికీ కనిపించింది. జనం చప్పట్లు కొట్టారు. ఎందుకు కొట్టారో వాళ్లకీ తెలియదు.

ఆట అయ్యాక ఆ అమ్మాయి స్క్రిప్టు పట్టుకుని నేరుగా అతని దగ్గరికి వచ్చింది. ఈ డైలాగు ఎవరు రాశారని డైరెక్టర్ నన్ను కేకలేశారు, ఆయన కలపలేదట అంది.

"నేనే కలిపానండీ. మీకోసం."

"అది నటన కాదని నేనెలా నమ్మాలి?"

"నటనైతే నాకు డైలాగు మర్చిపోవడం తెలియదు."

ఆ అమ్మాయి స్క్రిప్టులో తన పెన్సిల్ అక్షరాలు మళ్లీ చదువుకుంది. అతను జేబులో కాగితం తీసి చూపించాడు. సంతకం లేదు. టూర్‌కి వెళ్లమంటారా అని అడిగాడు. నిజంగానే తేల్చుకోలేక అడిగాడు.

"వెళ్లమని చెప్పాలంటే నాకు నటన రావాలి," అంది ఆ అమ్మాయి. "రాదు."

నిచ్చెన మీద నుంచి వాళ్ల నాన్న గొంతు సవరించుకున్నాడు. ఎంతసేపటి నుంచి అక్కడ ఉన్నాడో ఏమో.

"అబ్బాయ్, రేపు మా ఇంటికి భోజనానికి రా. వాళ్లమ్మ నువ్వేం చేస్తావని అడుగుతుంది. మూడింటిలో ఏదీ దాచకుండా చెప్పు."