ఉప్పు బంగ్లా వైపు తెల్లచార

కోటబొమ్మాళి దాటి సముద్రం వైపు పోతే ఉప్పుమడులకీ వరిచేలకీ మధ్య ఓ పాడుబడ్డ బంగ్లా ఉంది. పొద్దుగూకితే అటు కుక్క కూడా పోదు. అక్కడ ఏదో ఉందట... ఏముందో చూసొచ్చి చెప్పినవాడు మాత్రం లేడు. నేనూ విన్నదే చెబుతున్నాను.

చరిత ఇలాంటివి లెక్కచేసే మనిషి కాదు. ఆమెది వాన రాడార్ ఉద్యోగం. ట్రయల్ కోసం రాడార్‌ని వ్యానులో తెచ్చి, మేనమామ జగన్నాధం చేను గట్టున నిలిపింది. ఆ చేను బంగ్లాని ఆనుకునే ఉంది. గాలి నిండా ఇప్పుడు సెల్ టవర్లూ వైఫైలూ, సంతలో మాదిరి ఒకటే గోల. ఆ గోలంతా క్షణక్షణం వింటూ, ఏ ఛానల్ ఖాళీగా ఉంటే అందులోకి టక్కున జరిగిపోవడమే ఈ రాడార్ తెలివి.

కోసిన వరి చేలోనే పరిచి ఉంది. కుప్పెయ్యాలా, ఇంకో రోజు ఆరనివ్వాలా? తడిసిందంటే గింజ మొలకెత్తిపోతుంది, ఏడాది కష్టం నేలపాలు.

"వాన వస్తాదా రాదా... అదొక్కటి సెప్పే" అన్నాడు జగన్నాధం.

చరిత రాడార్ తెర చూసింది. సముద్రం వైపంతా కప్పేస్తూ ఓ తెల్లచార — సరిగ్గా బంగ్లా దిక్కు నుంచే. ఎవరిదో సిగ్నల్ అడ్డొస్తోంది అనుకుంది. రాడార్ పక్క ఛానల్లోకి జరిగింది. చార మాయమైంది... హమ్మయ్య అనుకునేలోగా మళ్లీ వచ్చింది. ఇంకో ఛానల్... అక్కడికీ వచ్చింది. ఎటు పోతే అటు వెంటపడుతోంది.

భయమేసింది, అబద్ధమెందుకు. కానీ ఆ చార వెనక ఏముందో తెలియకుండా మావకి ఏమని చెబుతుంది? టార్చి పట్టుకుని బంగ్లాకి నడిచింది.

తలుపు ఓరగా ఉంది. లోపల కర్పూరం వాసన... ఓ ఆకారం వంగి దేనికో హారతి పడుతోంది. టార్చి వెలుగు పడగానే ఆ ఆకారం పళ్లెం వదిలేసి గోడకి కరుచుకుపోయింది.

"నువ్వు... మనిసివేనా?" అంది ఆ ఆకారం సన్నగా.

అతనూ మనిషే. పేరు గిరిబాబు, పడవల మీద కన్నేసి ఉంచే వేరే ఆఫీసువాడు. అతని చిన్న రాడార్‌కీ ఇదే తెలివి. సాయంత్రం నుంచీ దాన్నేదో తరుముతోందని పాపం దిష్టి తీస్తున్నాడు. ఇరుకు సందులో ఎదురుపడ్డ ఇద్దరు మర్యాదస్తులు ఒకే పక్కకి తప్పుకున్నట్టు, రెండు రాడార్లూ ఒకదానికొకటి దారిస్తూ ఒకే ఖాళీలోకి దూరుతున్నాయి. చరితకి నవ్వాగలేదు. గిరిబాబు తనది ఆపేశాడు.

వ్యానులోకొచ్చి చూస్తే చార లేదు. దాని వెనక ఎర్రటి ముద్ద — గట్టి వాన, దగ్గర్లోనే ఉంది.

బంగ్లా పక్క చేలోకి చీకట్లో రామన్నారు కూలీలు. ఇక చేసేదేముంది, ముగ్గురే దిగారు. జగన్నాధం కుప్ప మీదెక్కి సర్దుతుంటే, చరితా గిరిబాబూ మోపులు మోశారు. ఎంత మోసినా తరగదనుకున్న చేను ఎలా తరిగిందో తరిగింది. టార్పాలిన్ కప్పేసరికి చినుకు మొదలైంది. నవ్వుకుంటూ వ్యానులో దూరారు.

చరిత ఫ్లాస్కులోంచి మూడు గ్లాసుల టీ పోసింది.

"ఆడికో?" అన్నాడు జగన్నాధం. "బంగ్లా వైపు నుంచి మోపులందించినోడికి. పొడుగాటోడు... ఒక్క మాట ఆడనేదు గానీ, సెయ్యి ఆపనేదు."

చరిత గిరిబాబు వంక చూసింది. గిరిబాబు చరిత వంక చూశాడు. ఇద్దరూ మోసింది రోడ్డు వైపు నుంచే.

చరిత నాలుగో గ్లాసు నిండా పోసి, వ్యాను మెట్టు మీద పెట్టి, మెల్లగా తలుపేసేసింది.