హైమా ఇంకా రాలేదు

సలాలా నుంచి మస్కట్ వెళ్ళే రోడ్డు మీద, ఎడారి మధ్యలో, మూసేసిన పెట్రోల్ బంకు ఒకటి ఉండేది. దానికి మంచి పేరు లేదు.

ఆ దేశం పేరు ఒమాన్. కొవ్వూరు చుట్టుపక్కల మాత్రం అదీ దుబాయే. అక్కడి ఇళ్ళలో పనికి వెళ్ళిన మన ఆడవాళ్ళు ఎప్పుడైనా ఒకచోట చేరితే, పిల్లల కబుర్లన్నీ అయ్యాక, గొంతు తగ్గించి ఆ బంకు సంగతి చెప్పుకునేవారు. రాత్రిపూట బస్సు అక్కడ ఆగితే... బయట్నుంచి ఎవరో పేరు పెట్టి పిలుస్తారట. అరబ్బులు పిలిచినట్టు కాదు — మన వీధిలో వాళ్ళు పిలిచినట్టే, సాగదీసి. పలక్కూడదు. ద్రాక్షారామం వైపు ఆవిడెవరో పలికిందట. ఆవిడ మస్కట్ చేరలేదు.

"గుండె ఆగిపోయి ఉంటుంది, పాపం" అనేవారు కొందరు.

"ఆగింది పలికాకే కదా" అనేవారు మిగతావాళ్ళు.

నీలవేణి ఇలాంటివి నమ్మే మనిషి కాదు. అలాగని, నమ్మకుండా ఉండే ధైర్యమూ లేదు.

ఆమెది కొవ్వూరు. భర్త పోయాక, కూతుర్నీ కొడుకునీ అక్క పాపాయమ్మ దగ్గర వదిలి సలాలా వెళ్ళింది. నాలుగేళ్ళుగా పిల్లల్ని ఫోన్లోనే పెంచింది. నీళ్ళు కాచి ఇస్తున్నావా, వాడి చెవిపోటు తగ్గిందా, జుట్టు తడిగా ఉండగానే జడ వేసేస్తున్నావా... అడిగిందే అడుగుతుంటే అవతల పాపాయమ్మకి ఒళ్ళు మండేది.

"నేనేం గొడ్లకి మేత వేస్తున్నానటే? నాకూ పిల్లలే వీళ్ళు!"

అయినా మళ్ళీ అడిగేది. అడగడం తప్ప ఆమె చేతిలో ఇంకేముంది?

తొంభైతొమ్మిది సెప్టెంబరులో పదేళ్ళ కూతురు హైమకి జ్వరం వచ్చింది. రాజమండ్రి ఆసుపత్రిలో చేర్చారు. మలేరియా మెదడుకెక్కిందన్నారు. పిల్ల కళ్ళు తెరవడం మానేసింది. సలాలాలో యజమానురాలు మనసు కరిగి పాస్‌పోర్టు చేతిలో పెట్టేసరికి నాలుగో రోజు సాయంత్రమైంది. మర్నాడు పొద్దున్న మస్కట్‌లో విమానం ఎక్కాలి. రాత్రంతా బస్సు.

ఆడవాళ్ళవి ముందు సీట్లు. ఆమె పక్కన ఎవరూ లేరు. వెనక సీట్లో పెద్దాపురం ఆయన, జీవరాజు అని ఏసీ మెకానిక్కు, బిస్కెట్ పొట్లం ముందుకు చాపాడు.

"తినండమ్మా. మీరు పస్తుంటే బస్సేం తొందరగా వెళ్ళదండి."

తల అడ్డంగా ఊపింది. కిటికీ బయట చెట్టు లేదు, దీపం లేదు. ఎంతసేపు చూసినా అదే ఇసుక. పిల్ల తనకి దక్కదని ఆమెకి తెలుస్తూనే ఉంది. చివరిచూపైనా దక్కుతుందా అన్నదే అనుమానం.

అర్ధరాత్రి దాటాక బస్సు ఆగింది.

డ్రైవరు టార్చి పట్టుకుని దిగాడు. వెనక టైరు తన్ని చూస్తున్నాడు. బస్సంతా నిద్ర. నీలవేణి కిటికీ జరిపి చూసింది.

రేకుల కప్పు. దాని కింద పంపులు పీకేసిన దిమ్మలు... బంకు!

కిటికీ మూయబోయింది.

"హైమా..."

చెయ్యి అక్కడే ఆగిపోయింది.

తన పేరు పిలిచి ఉంటే పలికేది కాదు. చెవులు మూసుకుని కూర్చునేది. కానీ ఇది... ఇది పిల్ల పేరు!

"హైమా..."

ఈసారి కాస్త దగ్గరగా. వంట చేసి భోజనానికి పిలిచినంత మామూలుగా.

ఎవరైనా పిలిస్తే రెండోసారి పిలిపించుకోకూడదమ్మా, వెంటనే పలకాలి — ఫోన్లో ఎన్నిసార్లు చెప్పింది! పిల్ల బుద్ధిమంతురాలు. ఈ పిలుపు అక్కడ, ఆ మంచం మీద పడున్న దాని చెవిన పడితే... పలుకుతుంది. తప్పకుండా పలుకుతుంది.

మూడో పిలుపు కోసం ఆమె ఆగలేదు. పిల్ల పలికినట్టే, గొంతు సన్నం చేసి, చీకట్లోకి —

"ఆఁ... వస్తున్నా!"

అంతే. మళ్ళీ పిలుపు లేదు.

డ్రైవరు ఎక్కాడు. బస్సు కదిలింది. వెనక జీవరాజు లేచాడు.

"ఎవరితోనండీ మాట్లాడుతున్నారు?"

జరిగింది చెప్పింది. ఆయన విని పెద్దగా నవ్వబోయి, చుట్టూ నిద్రపోతున్నవాళ్ళని చూసి నోటికి చెయ్యడ్డం పెట్టుకున్నాడు.

"అయ్యో రామ! హైమా అంటే ఊరి పేరండి బాబూ. బస్సు టీకి ఆగే ఊరు, ఇందాక అదే వచ్చినట్టుంది. దిగేవాళ్ళ కోసం కేకేస్తారు. మీ అమ్మాయి పేరు ఈ ఎడారిలో ఎవడికి తెలుసండీ!"

నీలవేణి నవ్వింది. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి. సిగ్గుపడుతూనే రెండు బిస్కెట్లు తీసుకుంది.

గంట గడిచింది. దూరంగా దీపాలు కనిపించాయి. బస్సు ఒక పెద్ద హోటలు ముందు ఆగింది. డ్రైవరు వెనక్కి తిరిగి గట్టిగా అరిచాడు.

"హైమా! హైమా!"

జీవరాజు సగం లేచినవాడు అలాగే ఉండిపోయాడు.

"ఇందాక వచ్చిందన్నారుగా... హైమా?" అంది నీలవేణి.

"నిద్రలో ఉన్నానండి. ఇందాక ఆగింది ఇక్కడే అనుకున్నాను..."

"మరి ఇందాక పిలిచిందెవరండీ?"

ఆయన టీ తెస్తానంటూ దిగిపోయాడు. తేలేదు.

చిత్రం, నీలవేణికి భయం వేయలేదు. పలికింది తను. పిల్ల కాదు. అదొక్కటే పట్టుకుని కిందకి దిగి, హోటలు పక్కనున్న ఫోను గదిలోకి వెళ్ళి, అద్దాల తలుపు వేసుకుంది. కార్డు పెట్టి రాజమండ్రి ఆసుపత్రికి చేసింది. నర్సు వెళ్ళి పాపాయమ్మని పిలుచుకొచ్చింది.

"ఒసేయ్ వేణీ! కళ్ళు తెరిచిందే! గంటైంది. మంచినీళ్ళు అడిగింది. గండం గడిచిందన్నారు డాక్టరుగారు... వింటున్నావా?"

నీలవేణి గోడకి తల ఆన్చి ఏడ్చింది.

"ఏడవకే. అన్నట్టు నీ పక్కన ఎవరే? ఆవిడ్ని కాస్త ఆగమను, నీ మాట సరిగ్గా వినపడట్లేదు."

నీలవేణి తల తిప్పి చూసింది. ఇరుకు గది. వేసిన తలుపు వేసినట్టే ఉంది.

"తెలిసినావిడేలే అక్కా" అంది మెల్లగా. "నే చెప్పేది విను. దోమతెర నాలుగు పక్కలా పరుపు కిందకి దోపు. వాడి చెవిలో నూనె పొయ్యకు, డాక్టరుకే చూపించు. హైమ ఇంకో రెండు మూడేళ్ళలో పెద్దమనిషవుతుంది... అది బెదిరిపోకుండా ముందే నువ్వు కూర్చోబెట్టి అన్నీ చెప్పాలి. అడక్కపోయినా చెప్పాలి."

"అప్పటి సంగతి ఇప్పుడెందుకే? ఎల్లుండికి నువ్వే వచ్చేస్తున్నావుగా!"

బయట బస్సు హారను కొట్టింది. నీలవేణి రిసీవరు రెండు చేతుల్తో పట్టుకుంది.

"ఒక్క నిమిషం ఆగండి" అంది.

అవతల పాపాయమ్మ నవ్వింది.

"ఇదేంటే, కొత్తగా నన్ను అండీ అంటున్నావ్?"