గురునాయుడి గొంతు

నౌషీన్ పట్టీని గురునాయుడి మెడ చుట్టూ మళ్ళీ సర్దింది. బల్ల మీది కంప్యూటర్ వైపు ఒకసారి చూసి, "ఇంకోసారి 'నీళ్ళు' అనండి నాయుడుగారూ. పైకి వినపడక్కర్లేదు. కానీ మనసులో అనుకుంటే చాలదు, నోటితో అనబోవాలి" అంది.

గురునాయుడు అనబోయాడు. నోటి కుడిమూల ఎప్పటిలాగే కిందికి జారింది. గొంతులోంచి తడిగుడ్డ పిండినట్టు చిన్న చప్పుడు వచ్చింది. తెర మీద గీతలు లేచి పడ్డాయి. యంత్రం కాసేపు ఆలోచించి, "నూరు" అంది.

"నీళ్ళు" అని హైమావతి పక్కనుంచి అలవాటుగా అందించింది.

నౌషీన్ చిన్నగా నవ్వి, ఆమె చెప్పకూడదనీ, యంత్రం ఆయన దగ్గరే నేర్చుకోవాలనీ అంది. హైమావతి తప్పు చేసినదానిలా చేతులు ఒళ్ళోకి తీసుకుని కుర్చీలో వెనక్కి వాలింది. చాలా రోజుల తరవాత ఆమె వీపుకి కుర్చీ ఆనింది.

ఆ రోజుల్లో విశాఖపట్నంలో కంప్యూటర్ షాపులు పెద్దగా మిగల్లేదు. ఏం కావాలన్నా ఇంటికే వచ్చేది. ద్వారకానగర్‌లో, మెట్రో వంతెన నీడలో ఉన్న ఈ షాపు మాత్రం నిలబడింది. కొత్తగా వస్తున్న యంత్రాలు బల్ల మీద పెట్టుకునేవి కావు, ఒంటికి పెట్టుకునేవి. వేళ్ళకి తొడుక్కునేవి, కంటికి అతికించుకునేవి. చెప్పుల జతలాగే వాటినీ వేసుకుని చూడకుండా కొనడానికి లేదు. అందుకే షాపు నిండా గాజుగదులు. ఒక గదిలో ఎవరో కుర్రవాడు ఉత్త గాలిలో వేళ్ళాడించి బొమ్మలు గీస్తున్నాడు. ఇంకో గదిలో ఒక లెక్చరరు కళ్ళు ఆర్పుతూ పుస్తకం పేజీలు తిప్పుతోంది. చివరి గదిలో వీళ్ళు ముగ్గురూ. గురునాయుడు, అతని భార్య హైమావతి, అతని తమ్ముడు జగ్గారావు.

జగ్గారావు నిలబడే ఉన్నాడు. ఇక్కడికి రావాలని పట్టుబట్టింది అతనే. కారు తెచ్చిందీ, అన్నని ఎత్తి కూర్చోబెట్టిందీ అతనే. యంత్రం ఎలా పనిచేస్తుందో చెప్పమని నౌషీన్‌ని అడిగాడు. ఆమె షాపు మనిషి కాదు. ఈ పట్టీని తయారుచేసిన వాళ్ళలో ఒకరు. కొత్త యంత్రం జనం మీద ఎలా పనిచేస్తుందో చూసుకోవడానికి వారానికోసారి వచ్చి కూర్చుంటుంది.

"మాట గొంతులో పుట్టదండి" అందామె. "ముందు మెదడు ఆజ్ఞ వేస్తుంది. అది నరాల వెంట వచ్చి నాలుకని ఇలా తిప్పు, పెదవి ఇలా మూయి అని చెబుతుంది. పక్షవాతం వచ్చాక కూడా మీ అన్నగారి మెదడు ఆజ్ఞలు వేస్తూనే ఉంది. అవి దారిలో నీరసించిపోయి కండరాన్ని కదిలించలేకపోతున్నాయి, అంతే. ఈ పట్టీ లోపలున్న సెన్సర్లు ఆ నీరసించిన ఆజ్ఞని చర్మం మీంచే పట్టుకుంటాయి. అది ఏ మాటో కంప్యూటర్ పోల్చుకుని స్పీకర్‌లో పలుకుతుంది."

"నడిసముద్రంలో వైర్‌లెస్ సెట్టులాగన్నమాట" అన్నాడు జగ్గారావు. "గరగరలోంచి మాట ఏరుకోవడం."

అన్నదమ్ములిద్దరూ ఫిషింగ్ హార్బర్‌లో మరపడవల ఇంజన్లు బాగుచేసినవాళ్ళు. అలా పోల్చడం అతనికి సహజం. నౌషీన్ సరిగ్గా అదేనంది.

హైమావతి ఈ మాటలు వింటోంది గానీ ఆమె మనసు అక్కడ లేదు. ఈ షాపుకి రావడం ఆమెకి ఇష్టం లేదు. ఎండన్నది, మోకాలు నొప్పన్నది, వచ్చే నెల చూద్దామన్నది. అసలు కారణం ఎవరికీ చెప్పుకునేది కాదు.

పన్నెండేళ్ళ పాటు ఈ అన్నదమ్ములకి మాటల్లేవు. తుఫానులో తల్లి పోయిన నాడు గురునాయుడు ఒడిశాలోని పారాదీప్‌లో ఒక పడవ మీద పనిలో ఉన్నాడు. పడిన చెట్లు దాటుకుంటూ, దొరికిన లారీ ఎక్కుతూ ఇల్లు చేరేసరికి చితి చల్లారిపోయింది. పెద్దకొడుకు పెట్టాల్సిన తలకొరివి చిన్నకొడుకు పెట్టేశాడు. ఎందుకని అన్న అడగలేదు. తమ్ముడు చెప్పలేదు. ఇద్దరూ కలిసి నడిపే వర్క్‌షాపు రెండయింది.

మూడేళ్ళ కిందట గురునాయుడికి కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. ఎడమచేత్తో రాయించబోతే పలక తోసేశాడు. అతని గొంతులో చప్పుళ్ళకి అర్థాలు చెప్పడం హైమావతి పనయింది. డాక్టరుకీ ఆమే, పాలవాడికీ ఆమే. వంటింట్లో ఉన్నా ఒక చెవి మంచం దగ్గరే ఉండేది. నిద్రలోనూ ఆ చెవికి నిద్ర లేదు. కబురు తెలిసి జగ్గారావు మొదటిసారి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డప్పుడు గురునాయుడు గట్టిగా ఏదో అన్నాడు. ఆ అరుపుకి అర్థం హైమావతికి బాగా తెలుసు. కానీ ఆమెకి ఆ రోజు ఒంట్లో ఓపిక లేదు. మొగుణ్ణి లేపి కూర్చోబెట్టడానికి రెండో మనిషి కావాలి.

"లోపలికి రమ్మంటున్నారు" అంది. "జరిగింది మర్చిపోయానంటున్నారు."

జగ్గారావు గుమ్మంలోనే ఏడ్చాడు. అప్పట్నుంచి ప్రతి ఆదివారం వచ్చి అన్నకి స్నానం చేయించి, గడ్డం గీసి, మధ్యాహ్నం భోంచేసి వెళ్ళేవాడు. గురునాయుడు ముఖం గోడకి తిప్పుకుంటే, కళ్ళనీళ్ళు నీకు కనపడకూడదని అనేది హైమావతి. చెయ్యి విసిరికొడితే, ఎక్కువసేపు నిలబడకు, కూర్చోమంటున్నారనేది. ఒక అబద్ధాన్ని నిలబెట్టడానికి ఎన్ని చెప్పాలో అన్నీ చెప్పింది. ఇప్పుడు ఆ మనిషికి గొంతు వస్తోంది.

నౌషీన్ చాలాసేపు ఓపిగ్గా చెప్పించింది. నీళ్ళు, అన్నం, కిటికీ, వేడి, చాలు. యంత్రం తప్పు చెప్పడం తగ్గింది. మాటల నుంచి వాక్యాలకి వెళ్ళారు. గురునాయుడి నుదుటి మీద చెమట పట్టింది. నౌషీన్ ఇక తను ఏమీ అడగననీ, ఆయనకి తోచింది మాట్లాడమనీ చెప్పి పక్కకి జరిగింది.

గురునాయుడు తమ్ముడి వైపు చూశాడు. హైమావతి తల వంచుకుంది.

"నేను మర్చిపోలేదురా" అంది స్పీకరు. పాత వాయిస్ మెసేజీల నుంచి తీసిన గొంతు అది, అచ్చం అతనిదే. "మర్చిపోయానని నేను ఎప్పుడూ అనలేదు. అది హైమ అంది."

జగ్గారావు, "తెలుసు" అన్నాడు. తరవాత వదిన వైపు తిరిగి, మెల్లగా, "మొదటిరోజే తెలుసు వదినా. అన్నయ్య నోట ఆ మాట వస్తాదేటి? నువ్వు రమ్మన్నావు, చాలనుకున్నాను" అన్నాడు.

హైమావతికి ఏడుపు రాలేదు. మూడేళ్ళుగా మోసిన బిందె దించుకోబోతే అందులో నీళ్ళే లేవని తెలిసినట్టయింది.

"ఒక్క పూట ఆగలేకపోయావా?" అంది స్పీకరు.

జగ్గారావు చెప్పాడు. కరెంటు లేదు, రోడ్డు లేదు, ఫోన్ లేదు. అన్న బతికున్నాడో లేదో తెలీదు. అమ్మని ఉంచడానికి ఐసు దొరకలేదు.

"హార్బర్‌లో ఐసు దొరకలేదా? ఎవరికి చెబుతున్నావు?"

"ఫ్యాక్టరీల్లోనే కరెంటు లేకపోతే ఐసెక్కడిది అన్నయ్యా?"

"చేపల కోసం ట్రాలర్లలో ఉంటుంది. వెతికుంటే దొరికేది."

"ట్రాలర్లు ఒకదాని మీదొకటి పడున్నాయి. నువ్వు చూళ్ళేదు."

"చూడనిచ్చావా నన్ను?"

గాజుగది బయట జనం చేరారు. షాపు మేనేజరు తలుపు తీయబోతే నౌషీన్ వద్దని సైగ చేసింది. ఆమె తెర మీది గీతలు చూస్తోంది. గురునాయుడి మాటల్లో యంత్రం ఒక్కటి కూడా తప్పు వినలేదు. ఇంత బాగా పనిచేయడం ఆమె ఇంతవరకూ చూడలేదు. ఆ ఆనందం ముఖంలో కనిపించనివ్వకుండా ఉండడానికి ఆమె పడుతున్న కష్టం హైమావతికి తెలుస్తూనే ఉంది. అన్నదమ్ములు అవే మాటల చుట్టూ తిరుగుతూ దెబ్బలాడుకుంటున్నారు. ఎవరి మాటకీ ఎవరూ అర్థం చెప్పక్కర్లేదు. హైమావతికి కళ్ళు మూతలు పడ్డాయి. ఆ గొడవ మధ్యలోనే, కూర్చున్న చోటే, ఆమె నిద్రపోయింది.

లేచేసరికి పట్టీ కొనడం అయిపోయింది. జగ్గారావు వాళ్ళని ఇంట్లో దింపి, అన్నని మంచం మీద పడుకోబెట్టి, హైమావతి టీ పెడతానంటే వద్దని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం గురునాయుడు, "నా నోట్లో చాలా మాటలు పెట్టావు" అన్నాడు భార్యతో.

"పెట్టాను" అందామె. "అవసరమొచ్చింది, పెట్టాను. నాకు మాత్రం సరదానా?"



మొదట్లో హాయిగానే ఉంది. గురునాయుడు పాలవాడితో తనే మాట్లాడాడు, డాక్టరుతో తనే వాదించాడు. పక్కింటి మోటారు చప్పుడు విని బేరింగ్ పోయిందని ఇక్కణ్ణుంచే చెప్పాడు. హైమావతి తలుపు వేసుకుని స్నానం చేసింది. పట్టపగలు పడుకుంది. వంటింట్లో ఒక్కతే నిలబడి, తన చెవులు ఇప్పుడు తనవేనని గుర్తు తెచ్చుకుంది.

ఆదివారం జగ్గారావు రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. గురునాయుడు తనే ఫోన్ చేశాడు. రెండు మాటలకే గొడవ ఐసు దగ్గరికి వెళ్ళింది. అవతల ఫోన్ పెట్టేశారు. మర్నాడు మళ్ళీ చేస్తే తీయలేదు. స్నానం చేయించడానికి మనిషిని పెట్టారు. ఆ మనిషి పని తెలిసినవాడే. కానీ అతను వచ్చిన మొదటి రోజంతా గురునాయుడు ఎవరితోనూ ఏమీ అనలేదు. ఎందుకు మాట్లాడటం లేదో హైమావతి అడగలేదు. ఆమెకి అర్థాలు వెతికే ఆ పని మళ్ళీ మొదలుపెట్టే ఓపిక లేదు.

ఇంకో ఆదివారం వచ్చింది. పొద్దెక్కాక హైమావతి గురునాయుడికి అన్నం పెట్టింది, పళ్ళెం తీసి కడిగింది. అతను చాలాసేపు గేటు వైపు చూసి, "హైమా" అని పిలిచాడు.

ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"వాడికి ఫోన్ చెయ్యి."

"మీరే చెయ్యండి. గొంతుంది కదా."

"నేను చేస్తే మళ్ళీ అక్కడికే పోతుంది" అన్నాడు. "నువ్వు చెయ్యి. నేను అన్నానని చెప్పు."

"ఏమన్నారని చెప్పను?"

పట్టీలో ఏదో మొదలై ఆగిపోయింది. చివరికి, "ఇదివరకు చెప్పేదానివి కదా, అలాంటిదే" అన్నాడు.

హైమావతి మంచం అంచున కూర్చుంది. తరవాత ఫోన్ తీసి నంబరు నొక్కింది. అవతల జగ్గారావు తీశాడు. పలకరింపులేవీ లేకుండా, "అన్నయ్య ఏమన్నాడు వదినా?" అని అడిగాడు.

ఆమె మొగుడి ముఖంలోకి చూసింది.

"ఇంకా అన్నం తినలేదు" అంది. "నువ్వొస్తే గానీ తిననంటున్నారు."

పట్టీ గురునాయుడి మెడకే ఉంది, బాగానే పనిచేస్తోంది. అది ఏమీ అనలేదు.