స్పాంజిలో మూడోది

"ఆ బొమ్మ తప్పు. గీసినవాళ్లకి గీయడం రాదు," అంది తొందర, మీటింగులో అందరి ముందూ.

గది గొల్లున నవ్వింది. తెర పక్కన నిలబడ్డ అబ్బాయి తల దించుకున్నాడు. జీవుల వంశవృక్షాలు కంప్యూటర్లో గీయడం అతని పని. అందుకే ల్యాబులో అందరూ అతన్ని చెట్టు అంటారు. ఆమెను తొందర అని ఎందుకంటారో ఎవరూ అడగనక్కర్లేదు.

గొడవ ఇదీ. ఒంట్లో హార్మోన్ పిలిస్తే కణం లోపల ఆ పిలుపు అందుకునే ప్రోటీన్లుంటాయి. న్యూక్లియర్ రిసెప్టర్లంటే అవే. మనిషికి నలభై ఎనిమిది. తొలి జంతువుల పోలికలు ఇంకా మిగిలిన సముద్రపు స్పాంజికి రెండే. తొందర తన స్పాంజిలో మూడోది పట్టింది. తొలి జంతువులు ఏ పిలుపు విన్నాయో ఇక తేలిపోతుందని ల్యాబు నడిపే మేడమ్ మురిసిపోయింది. తీరా చెట్టు గీసిన వంశవృక్షంలో ఆ మూడోది స్పాంజిల కొమ్మ వదిలేసి పురుగుల కొమ్మ మీద వాలింది.

"స్పాంజిని బాగా కడిగారా అండీ?" అని మాత్రం అడిగాడతను.

"ఇంక గిన్నెలు తోమడం కూడా మీరే నేర్పండి!"

మళ్లీ నవ్వులు. అతను ల్యాప్‌టాప్ మూసేశాడు.

అతని నోరు పూర్తిగా మూయించాలని, తొట్టిలో ఇంకా బతికున్న స్పాంజి ముక్కను ఉప్పునీళ్లలో వేసి మైక్రోస్కోపు కింద పెట్టింది తొందర. సన్నగా కోసింది. ఒక గొట్టంలోంచి దారంలాంటి పురుగు, పొద్దున్నే గుమ్మంలోకొచ్చిన ఇంటి యజమానిలా తాపీగా బయటికొచ్చింది.

స్పాంజి ఒళ్లంతా గొట్టాలే. వాటిలో ఎవరెవరో కాపురముంటారని ల్యాబులో కొత్తగా చేరినవాళ్లకీ తెలుసు. ఆమె కడిగిన మాట నిజమే, పైపైన. జన్యువుల కోసం స్పాంజిని నూరినప్పుడు పురుగును కూడా కలిపి నూరేసింది. మూడోది ఆ పురుగుదే!

తల కొట్టేసినట్టయింది. పురుగు సంగతి సరే, అందరూ నవ్వుతుంటే తల దించుకున్న అతని మొహం గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయింది.

రేపే పెద్ద సభ, మూడోదాని సంగతి మేడమ్ అక్కడ చాటబోతోంది. చెప్పకపోతే మేడమ్ పరువు పోతుంది. చెబితే తనది. కాళ్లీడ్చుకుంటూ మేడమ్ గది దాకా వెళ్లేసరికి లోపల అతని గొంతు.

"రేపు మూడోదాని మాట ఎత్తకండి మేడమ్. నా లెక్కే తప్పేమో. మళ్లీ గీస్తాను."

"నీకు గీయడం రాదని ఆ అమ్మాయి ఊరికే అందా?"

"రాదనే అనుకోండి."

తొందర తలుపు తోసేసింది. "ఆయనకి వచ్చు మేడమ్. నాకే కడగడం రాదు. అది పురుగుది."

మేడమ్ కళ్లజోడు తీసింది. తిట్టలేదు, అదే నరకం. "రేపు సభలో నువ్వే చెప్పు," అంది.

బయట వాన. వరండా మెట్ల దగ్గర తొందర అతన్ని ఆపింది. "తప్పు మీ మీద ఎందుకు వేసుకున్నారు?"

"మూడోది దొరికిన రోజు మీరు ఈ వరండాలో గెంతారు. మళ్లీ గెంతరేమోనని భయమేసింది."

"అందుకని అబద్ధమా?"

"అబద్ధం కాదండీ, వాయిదా. ఆలోపు మీరే పట్టుకుంటారని తెలుసు. మీకు తొందరే గానీ, మొండితనం అంతకన్నా ఎక్కువ."

ఆమెకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. "అందరి ముందూ అన్నాను. అందరి ముందే దిద్దుకుంటాను," అని వానలోనే వెళ్లిపోయింది.

మర్నాడు నిండు సభలో వేదికెక్కి మైకు అందుకుంది. "మూడోది స్పాంజిది కాదు, లోపలున్న పురుగుది. నేను సరిగ్గా కడగలేదు. ముందే కనిపెట్టిన మనిషిని నలుగురిలో నవ్వులపాలు చేశాను. సిగ్గుపడుతున్నాను."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె దిగలేదు.

"ఇంకేమైనా చెప్పాలా?" అన్నారు సభను నడుపుతున్న పెద్దాయన.

"చెప్పాలి. కానీ అది ఆయనొక్కరికే."

హాలు గొల్లున నవ్వింది. చెట్టు లేచి నిలబడ్డాడు. ఎటు వెళ్లాలో తోచక మళ్లీ కూర్చున్నాడు. పక్కనున్న మేడమ్ అతని చొక్కా పట్టుకుని పైకి లేపింది.

"వెళ్లు నాయనా, ఆ అమ్మాయి మళ్లీ మనసు మార్చుకోకముందే వినిరా."