మెలిక లేని బెల్టు

"రేవులో మన మనిషిని చంపేసినారు," అన్నాడు చీఫ్ బదరీనారాయణ. "బ్లాక్ కోరల్ పని. వాళ్ళకు కావాల్సింది ఈ పడవ."

అనంతపురంలో బదరీనారాయణ అంటే అందరికీ శనగనూనె వ్యాపారి. నూనె డబ్బాల గోడౌన్ వెనక డెల్టా సెల్ అనే రహస్య విభాగం నడుస్తోందని ఆయన భార్యకు కూడా తెలీదు. ఆ గోడౌన్‌లో ఇప్పుడు ట్రైలర్ మీద ఒక బూడిదరంగు పడవ ఉంది. దాని వెనక భాగంలో, హ్యాచ్ మూత కింద, ఒక సోనార్ పెట్టె. చప్పుడు లేకుండా తిరిగే సబ్‌మెరైన్‌ను కూడా పసిగట్టే పెట్టె అది. బ్లాక్ కోరల్ అనే విదేశీ ముఠా ఆ పెట్టె కోసం ఎంతకైనా తెగిస్తుంది.

"హైవే మీద వాళ్ళ కళ్ళుంటాయి. కొత్తచెరువు, కదిరి మీదుగా తూర్పు తీరానికి పోండి. ఎవరైనా అడిగితే వాటర్ పార్కు బోటు అని చెప్పండి. ప్రమాదం బండిలోనే ఉంటే కోడ్ వర్డ్, వాన వస్తాంది."

"అదేం కోడ్ సార్?" అన్నాడు ఏజెంట్ భరత్‌కుమార్.

"ఈ జిల్లాలో ఎవరూ పొరబాటున అనే మాట కాదు గదప్పా," అన్నాడు చీఫ్. "ఇంకో సంగతి. ఈ పడవతో సముద్రం మీదికి పోయేదానికి ఒక్క ఏజెంటుకే సీటుండాది. ఎవరనేది మిషన్ అయినాక చెప్తా."

భరత్‌కుమార్ పక్కకు చూశాడు. పక్కన ఏజెంట్ సమీర్ నిలబడి ఉన్నాడు. ఎప్పుడూ అక్కడే నిలబడి ఉంటాడు. అదే భరత్ బాధ.

భరత్‌ది బెళుగుప్ప. నీళ్ళంటే ట్యాంకరు వెనక బిందెతో పరిగెత్తడమే తెలిసిన పిల్లవాడు, సముద్రం మీద పని చెయ్యాలన్న ఆశతోనే ఈ ఉద్యోగంలో చేరాడు. అతనికి దొరికినవన్నీ ఎండలో మిషన్లే. సమీర్‌ది కదిరి, అక్కడా నీళ్ళు అంతంతే. అయినా సమీర్‌కు రేవులు దొరికాయి, మెడల్ దొరికింది, ఏ డ్రెస్సు వేసినా నప్పే ఒళ్ళు దొరికింది. అలాంటి మనిషిని చూసి కుళ్ళుకోకుండా ఉండాలంటే సన్యాసి అయినా అయి ఉండాలి, గుడ్డివాడైనా అయి ఉండాలి. భరత్ రెండూ కాడు.

ఇద్దరూ కలిసి పడవను కట్టారు. ముందు భాగాన్ని, పిడి తిప్పి చుట్టే విన్చ్ బెల్టుతో లాగి బిగించాడు సమీర్. వెనక భాగం మీదుగా, సరిగ్గా హ్యాచ్ మూత పైనుంచి, ఇంకో బెల్టు వేశాడు భరత్. బిగించే ముందు దానికి ఒక మెలిక తిప్పాడు.

"అదెందుకు భరత్?"

"మెలిక లేకపోతే బెల్టు గాలికి బుర్రుమంటాది. లారీల మీద చెనిక్కాయ కట్టె లోడ్లు కట్టినోళ్ళను అడుగు, చెప్తారు."

"ఇది నాకు తెలీదప్పా. బాగుండాది," అన్నాడు సమీర్.

వాడు మెచ్చుకోవడం కూడా భరత్‌కు గిట్టలేదు. తిట్టి ఉంటే కనీసం తిరిగి తిట్టే వీలుండేది.

ట్రైలర్ మెడను జీపు వెనక ఉన్న ఇనుప గుండు మీద కూర్చోబెట్టి, లాకు పిన్ను గుచ్చి, చేతులు దులుపుకున్నాడు భరత్. సమీర్ కిందికి వంగి రెండు గొలుసులు లాగాడు. ఎడమ గొలుసును కుడివైపుకు, కుడి గొలుసును ఎడమవైపుకు వేసి, స్పానర్‌తో బిగించాడు.

"మా ఊళ్ళో ట్రాక్టరు ట్రాలీకి పిన్ను ఒకటే వేస్తారు. ఇన్నేండ్లలో ఏమైనాది?" అన్నాడు భరత్. "గొలుసులు ఎందుకు, నగలు పెట్టినట్టు?"

"పిన్ను పోతే మెడ రోడ్డు మీద పడి గుచ్చుకుంటాది. గొలుసులు అడ్డంగా వేస్తే వాటి మధ్యలోనే పడతాది," అన్నాడు సమీర్, స్పానర్‌ను జేబులో పెట్టుకుంటూ.

అప్పుడు వచ్చింది చాందిని. నల్ల కళ్ళద్దాలు, చేతికి వెడల్పాటి వెండి బ్రేస్‌లెట్, నడుస్తుంటే వెనకే నడిచే సెంటు వాసన. బ్లాక్ కోరల్‌లో ఉంటూ డెల్టా సెల్‌కు కబుర్లు మోసే డబుల్ ఏజెంట్ ఆమె. ముఠా మనుషుల్ని గుర్తుపట్టడానికి ఆమెను వెంట పంపుతున్నాడు చీఫ్.

"నేను సమీర్ పక్కన కూర్చుంటాను," అంది. "భరత్‌కి బైకు బాగుంటుంది."

జీపులో ఏసీ. బైకు మీద దుమ్ము. భరత్ హెల్మెట్‌ను అవసరానికి మించి గట్టిగా బిగించుకున్నాడు.

కొత్తచెరువులో టీకి ఆగారు. పడవ చుట్టూ క్షణంలో జనం చేరారు. టీ కొట్టు హనుమంతమ్మ గరిటె పట్టుకునే బయటికి వచ్చింది.

"యాడికప్పా ఈ పడవ? ఈడ కాళ్ళు తడుపుకునేదానికే నీళ్ళు లేవే!"

"వాటర్ పార్కుకు అమ్మా," అన్నాడు భరత్.

"అందరి కండ్లూ దీని మీదే ఉండాయి. ఒక నిమ్మకాయ, నాలుగు మిరపకాయలు కట్టుకోండి నాయనా."

"ఆ పిచ్చి నాకు లేదమ్మా," అన్నాడు భరత్. అంటున్నా అతని కళ్ళు సమీర్‌ను వదలలేదు. సమీర్ మొహం కడుక్కున్నాడు, టీ తాగాడు, ఎవరో ముసలాయనతో నవ్వుతూ మాట్లాడాడు. ఆ నవ్వు చూసి ఆ ముసలాయన బిస్కెట్టు కూడా ఇచ్చాడు. తనకు ఎవరూ బిస్కెట్టు ఇవ్వలేదు.

కదిరి దాటాక రోడ్డు గుట్టల మధ్యకు మళ్ళింది. ముందు పెద్ద దిగుడు, దాని కింద ఎండిన ఏరు. జీపు అద్దంలో రెండు తలలు ఒకదానివైపు ఒకటి వంగి మాట్లాడుకుంటున్నాయి. ఏం మాట్లాడుకుంటున్నారో చూద్దామని భరత్ బైకును ట్రైలర్ దగ్గరకు పోనిచ్చాడు.

అప్పుడు వినిపించింది. బుర్రుమని ఒకటే మోత.

వెనక బెల్టు గాలికి వణుకుతోంది. మెలిక లేదు. చదునుగా, బల్లపరుపుగా ఉంది. ఎవరో దాన్ని విప్పారు, హ్యాచ్ మూత కదిలించారు, మళ్ళీ కట్టారు. మెలిక సంగతి తెలియని వాళ్ళెవరో.

మొదట అతనికి కలిగింది భయం కాదు, సంతోషం. సమీర్! దొరికాడు! ద్రోహి! మెడల్ ఊడుతుంది, సీటు తనది!

ఆ సంతోషం వచ్చినంత వేగంగానే ఆరిపోయింది. సమీర్‌కు మెలిక సంగతి తెలుసు. పైగా కొత్తచెరువులో సమీర్ పడవ దగ్గరకు పోనేలేదు. ఆ సంగతి భరత్‌కు తెలిసినంత గట్టిగా ఇంకెవరికీ తెలీదు, ఎందుకంటే అతను రెప్ప వెయ్యకుండా వాణ్ణే చూశాడు. తన ఓర్వలేనితనమే వాడి తరఫున సాక్ష్యం చెబుతోంది. భరత్ పళ్ళు కొరికాడు. తను చూడనిది చాందినిని.

ఇయర్‌పీస్ నొక్కాడు. "సమీరూ, వాన వస్తాంది!"

"ఏందప్పా, ఈ ఎండలోనా?" నవ్వబోయిన సమీర్ గొంతు మధ్యలో ఆగిపోయింది.

జీపు మలుపు దగ్గర నెమ్మదించింది. సమీర్ ముఖం మారడం చూసిన చాందిని బ్రేస్‌లెట్ నొక్కి, తలుపు తెరిచి గడ్డిలోకి దూకింది. టీకి ఆగినప్పుడు, హ్యాచ్ కింద పెట్టె ఉందని చూసుకుని, ఆమె మార్చి పెట్టిన రిమోట్ పిన్ను టక్కున ఊడింది. ట్రైలర్ మెడ ఇనుప గుండు మీదనుంచి ఎగిరింది.

గొలుసుల్ని ఆమె చూడకపోలేదు. విప్పడానికి స్పానర్ లేదు. మెడ రోడ్డులో గుచ్చుకుంటే ఆ ఊపుకు గొలుసులు తెగి, ట్రైలర్ కిందున్న ఏట్లోకి దొర్లుతుందని ఆమె లెక్క. వాటిని అడ్డంగా ఎందుకు వేశారో ఆమె ఆలోచించలేదు.

మెడ రోడ్డును తాకలేదు. రెండు గొలుసుల మధ్య పడి ఆగింది. పడవ పెద్దగా ఊగింది. ముందు విన్చ్ బెల్టు దాన్ని వదల్లేదు. సమీర్ బ్రేకును కొంచెం కొంచెంగా తొక్కుతూ వచ్చాడు. ట్రైలర్ ఒక చక్రం లోయ అంచు మీద పెట్టుకుని, ఆగింది.

కింద ఏట్లో ఒక లారీ కాచుకుని ఉంది. పని చెడిందని చూసి పారిపోబోయింది. ఇసుకలో చక్రాలు ఇరుసు దాకా దిగబడిపోయాయి. ఎండిన ఏట్లో లారీ ఆపకూడదని ఈ సీమలో అందరికీ తెలుసు, విదేశీ ముఠాకు ఎవరూ చెప్పినట్టు లేదు. కదిరి పోలీసులు తాపీగా వచ్చి వాళ్ళను దింపుకున్నారు.

అంతకు ముందే, గడ్డిలోంచి లేచిన చాందిని పిస్టల్ గురి పెట్టేలోపే భరత్ బైకు అడ్డం వచ్చి ఆగింది. అతని రివాల్వర్ ముందే సిద్ధంగా ఉంది.

"నీ కళ్ళు ఎప్పుడూ సమీర్ మీదే ఉంటాయి. నన్ను చూడవనుకున్నాను," అందామె, పిస్టల్ కింద పడేస్తూ.

"చూడలేదు," అన్నాడు భరత్. "అందుకే దొరికినావు."

సాయంత్రం చీఫ్ కదిరికి వచ్చాడు. పోలీస్ స్టేషన్ ఆవరణలో పడవ చుట్టూ తిరిగి, వంగి, గొలుసుల్ని చేత్తో తట్టాడు. సమీర్ జీపుకు డీజిల్ పట్టించడానికి వెళ్ళాడు. ఇద్దరే ఉన్నారు.

"పడవను కాపాడింది ఇవి. ఎవరు వేసినారు?"

భరత్ నోటి దాకా వచ్చింది, "నేనే సార్" అని. రెండే మాటలు. ఆ రెండు మాటల వెనక సముద్రం ఉంది.

"సమీర్, సార్. నేను వద్దన్నా వేసినాడు."

చీఫ్ గొలుసు వదిలి లేచాడు. "బెల్టు మెలిక నీదని, నువ్వు చెప్పకపోతే తను చచ్చిపోయేవాడినని సమీర్ చెప్పినాడు. ఇద్దరూ మంచి పని చేసినారు. సీటు మాత్రం ఒకటే. రేవు పని తెలిసినోడు, వాడే పోతాడు."

"మంచిది సార్," అన్నాడు భరత్. ఏ మాత్రం మంచిదిగా లేదు. లోపల భగభగ మండుతోంది.

మరుసటి ఉదయం ట్రైలర్‌ను జీపుకు భరతే తగిలించాడు. కొత్త పిన్ను గుచ్చాడు. గొలుసుల్ని అడ్డంగా వేసి బిగించాడు. బెల్టుకు మెలిక తిప్పాడు. తరువాత కదిరి బజారుకు పోయి నిమ్మకాయ, మిరపకాయలు తెచ్చి, దారానికి గుచ్చి పడవ ముక్కుకు కట్టాడు.

"ఇదేందప్పా? ముఠా అంతా దొరికిపోయినాది గదా. ఇంకా ఎవరి దిష్టి తగులుతాది?" అన్నాడు సమీర్.

"దూరం పోతాండావు, ఉండనీలే," అన్నాడు భరత్‌కుమార్, ముడి ఇంకోసారి బిగిస్తూ. ఎవరి దిష్టో అతనికి బాగా తెలుసు.