సాక్షి చేతులు

ఉదయం ఆరు గంటల పది నిమిషాలు. సన్నని తుంపర, గాలి సముద్రం వైపు నుంచి. ఓడల మరమ్మతుకు నౌకాదళం కొత్తగా కట్టిన డాక్ కంట్రోల్ రూమ్‌లో ఏజెంట్ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

అది అతని మారువేషంలో భాగం. కోట తలుపైనా, యుద్ధనౌకైనా, అప్పగించే ముందు వరుసగా పరీక్షించడానికి ఒక కమిషనింగ్ ప్లాన్ ఉంటుంది. ఆ వరుసలో ప్రతి అంశం వెనకా ఒక పాత ప్రమాదం ఉంటుంది. పరీక్షను చూసే సాక్షి దేన్నీ ముట్టుకోకూడదు. ముట్టుకుంటే పరీక్ష రద్దు. ఈ నియమం అతనికి నేర్పింది డాక్ చీఫ్ ఇంజనీరైన బావే. బావమరిది ఉత్త తనిఖీ ఇన్‌స్పెక్టరేనని ఆయన నమ్మకం.

ఆయన ఇప్పుడు కింద పంపుగదిలో ఉన్నాడు.

ఏజెంట్ పక్కన పంపుల కంపెనీ ప్రతినిధి: నీలం కోటు, ముత్యాల దుద్దులు. ఏజెంట్ పనిచేసే గూఢచారి సంస్థకు వేగు, విదేశీ ముఠాకూ వేగే. డాక్ నీళ్లను ఆపే పంపుగది తలుపు బోల్టుల పరీక్షను నీళ్లు వదిలిన తర్వాతకు జరిపిందీ, ఆ బోల్టులు వదులు చేయించిందీ ఆమే. ఆ సంగతి ఏజెంట్‌కు నిన్ననే తెలిసింది. రేవు బయట కాచుకున్న ముఠా బోటుకు ఆమె సిగ్నల్ ఇచ్చేదాకా కదలొద్దని, తేడా కనిపిస్తే జారుకుంటుందని బాస్ ఆదేశం. అందుకే సవరించిన ప్లాన్‌పై ఏజెంట్ సాక్షి సంతకం పెట్టాడు. ఆ సంతకం చూసే బావ మారు ప్రశ్న వేయలేదు.

డాక్‌లోకి నీళ్లు చేరుతున్నాయి. స్పీకర్‌లో బావ గొంతు వినిపించింది.

"తలుపు మూలుగుతోందయ్యా. అచ్చం మా బావమరిదిలాగే, పని పడితే చాలు."

ఆపరేటర్ నవ్వాడు. నీటిమట్టం ఎర్రగీతను సమీపించింది.

"ఒరేయ్, గడప దగ్గర తడి కనిపిస్తోంది. ఫర్వాలేదంటావా?"

నీలం కోటు అతని ముఖంలోకే చూస్తోంది.

"ఫర్వాలేదు బావా."

ఆమె చెయ్యి దుద్దును తాకింది. ఏజెంట్ వాచీలోని డిటెక్టర్ మణికట్టుపై చురుక్కుమంది: సిగ్నల్ వెళ్లింది. అతను అరచేతిని కంట్రోల్ ప్యానెల్ మీద ఆనించాడు.

ఎందుకని ఆపరేటర్ అడగలేదు. సాక్షి ముట్టుకున్నాడు; టెస్ట్ రద్దు. అతను నీళ్ల వాల్వు మూసేశాడు. తలుపు కింది బోల్టు అప్పటికే ఊడిపోయింది. పైది మాత్రం నిలిచింది. రేవు ముఖద్వారంలో కాపు వేసిన దళం బోటును పట్టుకుంది. నీలం కోటును కంట్రోల్ రూమ్ గుమ్మం దగ్గరే ఆపారు.

బావ మోకాళ్లదాకా తడిసి పైకొచ్చాడు.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"నిన్నట్నుంచి."

"రాత్రి మీ అక్క చేతి అన్నం తిన్నప్పుడు కూడానా?"

ఏజెంట్ చేతులు వాటంతటవే వెనక్కి వెళ్లాయి.

కొన్నేళ్లకు ఆ డాక్ కమిషనింగ్ ప్లాన్ మళ్లీ అచ్చయింది. బావ అందులో కొత్తగా చేర్చిన నియమం ఒక్కటే: సాక్షి, పరీక్షించే సిబ్బందిలో ఎవరికీ బంధువై ఉండకూడదు.